శెనగనూనె ఫ్రిజ్‌లో మబ్బు పట్టింది, కల్తీనా? అరాకిడిక్ ఆమ్లం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

తిరుచానూరు_ఇల్లాలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో వంటకి గానుగ శెనగనూనే వాడతాం. ఈసారి తిరుపతిలో ఒక కొత్త గానుగ దగ్గర ఐదు లీటర్ల క్యాన్ తెచ్చాం. ఆ వారమే వాట్సాప్‌లో రెండు వీడియోలు వచ్చాయి. ఒకటేమో అసలైన శెనగనూనె ఫ్రిజ్‌లో గడ్డకట్టదు అంటుంది, ఇంకోటి గడ్డకడితేనే అసలైనది అంటుంది. అనుమానం వచ్చి ఒక చిన్న గాజు సీసాలో పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే నూనె మొత్తం మసకగా ఉంది, అడుగున తెల్లగా గంజి పేరుకున్నట్టు ఉంది. బయట పెట్టాక మెల్లగా మామూలుగా అయిపోయింది.

మా అత్తగారు పామాయిల్ కలిపారు అంటున్నారు. నెట్‌లో వెతికితే శెనగనూనెలో అరాకిడిక్ ఆమ్లం అనే సంతృప్త కొవ్వు ఆమ్లం ఉంటుంది, దానివల్లే అని ఒకచోట రాశారు. సంతృప్త కొవ్వు అంటే గుండెకి మంచిది కాదంటారు కదా? ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లున్నారు, అందుకే టెన్షన్. కెమిస్ట్రీ తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

పీలేరు_రైతుబిడ్డ

అక్కా, ముందు ధర లెక్క చూడండి. గానుగలో కిలో నూనె రావాలంటే దాదాపు రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి. ఆ రోజు విత్తనాల ధర కనుక్కుని రెండున్నరతో గుణించండి, అందులోంచి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) అమ్మితే వచ్చే డబ్బు తీసేయండి, కూలీ, కరెంటు కలపండి. మీకు అమ్మిన ధర అంతకంటే బాగా తక్కువ ఉంటే ఆ నూనెలో ఇంకేదో ఉన్నట్టే. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది, కిలోకీ లీటరుకీ తేడా మర్చిపోవద్దు.

నూనెల_ల్యాబ్

నేను వంటనూనెల పరీక్షశాలలో చాలా ఏళ్లు పనిచేశాను. వివరంగా చెప్పమన్నారు కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

నూనె అంటే గ్లిజరాల్ (గ్లిజరిన్) అనే అణువుకి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న అణువుల కుప్ప. ఏ ఆమ్లాలు ఎంతెంత ఉన్నాయన్నదాన్నిబట్టే నూనె గుణం మారుతుంది. శెనగనూనెలో ఎక్కువ భాగం ఒలేయిక్, లినోలెయిక్ ఆమ్లాలు. ఈ రెండింటిలో ద్విబంధాలు (కార్బన్ల మధ్య జంట బంధాలు) ఉంటాయి కాబట్టి గొలుసు వంగి ఉంటుంది, ఒకదానిమీద ఒకటి సర్దుకోలేవు, అందుకే ద్రవంగా ఉంటాయి. ద్విబంధాలు లేని సంతృప్త ఆమ్లాల్లో ఎక్కువగా ఉండేది 16 కార్బన్ల పామిటిక్. దానితోపాటు చాలా వంటనూనెల్లో పెద్దగా కనబడని మూడు పొడుగు గొలుసులు శెనగనూనెలో ఉంటాయి: 20 కార్బన్ల అరాకిడిక్, 22 కార్బన్ల బెహెనిక్, 24 కార్బన్ల లిగ్నోసెరిక్. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అరాకిడిక్ 0.7 నుంచి 2 శాతం, బెహెనిక్ 1.5 నుంచి 4.5 శాతం, లిగ్నోసెరిక్ 0.5 నుంచి 2.5 శాతం వరకు ఉండొచ్చు. అంటే మీ లీటరు నూనెలో అరాకిడిక్ మహా అయితే 18 గ్రాములు.

ఇంత తక్కువ ఉన్నా దాని ప్రభావం కనబడుతుంది. గొలుసు పొడుగయ్యే కొద్దీ, అందులో వంపు లేకపోతే, అణువులు గట్టిగా పట్టుకుంటాయి. విడిగా తీస్తే పామిటిక్ 63 డిగ్రీల దగ్గర, 18 కార్బన్ల స్టియరిక్ సుమారు 69 డిగ్రీల దగ్గర, అరాకిడిక్ సుమారు 75 డిగ్రీల దగ్గర కరుగుతాయి. నూనెలో అవి విడిగా ఉండవు, గ్లిజరాల్‌కి అతుక్కునే ఉంటాయి. అయినా నూనె చల్లబడగానే ముందు విడిపోయేది ఈ పొడుగు గొలుసులున్న అణువులే. స్వచ్ఛమైన శెనగనూనె ఫ్రిజ్‌లో మసకబారి చిక్కబడటం మామూలే. గానుగ నూనె అయితే సన్నటి పిండి మడ్డి కూడా అడుగుకి దిగుతుంది. మీరు చూసిన తెలుపులో అది కొంత ఉండొచ్చు.

కాబట్టి మసకబారినంత మాత్రాన కల్తీ అని చెప్పలేం. అలాగని మసకబారింది కాబట్టి అసలైనదే అనీ చెప్పలేం. పామోలిన్ (పామాయిల్ నుంచి వేరుచేసిన ద్రవభాగం) కూడా ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది. పొద్దుతిరుగుడు నూనె కలిపితేనేమో గడ్డకట్టడం తగ్గుతుంది. అంటే గడ్డకట్టదు అని చెప్పిన వీడియో నమ్మినవాళ్లు, వేరే నూనె ఎక్కువ కలిపిన సీసా చూసి సంతోషపడతారు. నాకు బాధ కలిగించేది ఇదే. నిజాయితీగా ఆడించే గానుగవాడి నూనె మబ్బు పట్టిందని వెనక్కి పోతుంది.

మదనపల్లె_చలి

ఇది నిజం. మా ఊళ్లో జనవరిలో వంటింట్లో ఉన్న నూనె క్యాన్ కూడా పొద్దునపూట కొంచెం మసకగా కనబడుతుంది. తిరుపతిలో ఉండే మా చెల్లి ఇంట్లో అదే నూనె తేటగా ఉంటుంది.

తిరుచానూరు_ఇల్లాలు

సార్, చాలా థాంక్స్. మరి ఇంట్లో తేలకపోతే ఎలా తెలుస్తుంది? ల్యాబ్‌లో ఏం చేస్తారు?

నూనెల_ల్యాబ్

దీనికి పాతకాలం నుంచి ఉన్న పద్ధతి బెలియర్ పరీక్ష. అరాకిడిక్, దాని తోటి ఆమ్లాలు ఉండటమే దీనికి ఆధారం. ఎలా చేస్తామో చెబుతాను, ఇంట్లో మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు. కాస్టిక్ పొటాష్ చర్మాన్ని కాలుస్తుంది, వేడి ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది.

వడకట్టిన నూనె ఒక మిల్లీలీటరు ఫ్లాస్కులో తీసుకుని, ఆల్కహాల్‌లో కలిపిన పొటాష్ పోసి మరిగే నీళ్లమీద వేడి చేస్తాం. నూనె సబ్బుగా మారిపోతుంది. దాన్ని సజల ఎసిటిక్ ఆమ్లంతో తటస్థం చేసి, ఇంకొంచెం ఆమ్లం ఎక్కువ వేస్తాం. ఇప్పుడు కొవ్వు ఆమ్లాలు గ్లిజరాల్ నుంచి విడిపోయి స్వేచ్ఛగా ఉంటాయి. 70 శాతం ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు పోసి, 50 డిగ్రీల దాకా వేడి చేస్తే అంతా తేటగా అవుతుంది. అక్కడి నుంచి ఫ్లాస్కుని కదుపుతూ మెల్లగా చల్లబరుస్తాం. థర్మామీటర్ లోపలే ఉంటుంది. చూస్తూండగానే ఒక డిగ్రీ దగ్గర ద్రవంలో సన్నటి మసక పుట్టి, తిప్పినా పోకుండా నిలబడుతుంది. ఆ అంకె రాసుకుంటాం.

మన ఆహార భద్రతా ప్రమాణాల్లో శెనగనూనెకి ఆ అంకె 39 నుంచి 41 డిగ్రీలు. పొడుగు గొలుసు ఆమ్లాలు నీళ్లు కలిసిన ఆల్కహాల్‌లో కరగలేక ముందే బయటపడతాయి, అందుకే అంత పైన. నువ్వులనూనెకి 22 డిగ్రీలు దాటకూడదు, పత్తిగింజల నూనెకి 19 నుంచి 21. శెనగనూనెలో పత్తి నూనో ఇంకేదో తేలిక నూనో కలిపితే మసక పట్టే వేడి కిందికి జారుతుంది.

ఒక్క ఈ పరీక్షతోనే తీర్పు చెప్పం. పామోలిన్ కలిపారేమో చూడాలంటే అయోడిన్ విలువ, అంటే నూనెలో ద్విబంధాలు ఎంతున్నాయో చెప్పే అంకె, చూడాలి. శెనగనూనెకి 85 నుంచి 99 వరకు ఉండాలి, పామోలిన్‌కి 54 నుంచి 62. కలిపే కొద్దీ అంకె పడిపోతుంది. ఇంకా గట్టిగా తేల్చాలంటే గ్యాస్ క్రొమాటోగ్రఫీ. అందులో ఒక్కో ఆమ్లం శాతం విడిగా వస్తుంది. పామిటిక్ పెరిగి, అరాకిడిక్, బెహెనిక్ తగ్గి ఉంటే ఇక చెప్పేదేముంది.

విత్తనాల_సంగతి

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఇప్పుడు ఒలేయిక్ ఎక్కువుండే వేరుశెనగ రకాలు వచ్చాయి, గిర్నార్-4, గిర్నార్-5 లాంటివి. వాటిలో ఒలేయిక్ 80 శాతం దగ్గర ఉంటుంది, లినోలెయిక్ బాగా తగ్గుతుంది. ఆ నూనె ఎంత స్వచ్ఛమైనదైనా అయోడిన్ విలువ 85 కన్నా కిందికి రావచ్చు. ఆ రకం వేసే రైతు సొంతంగా నూనె ఆడించి అమ్ముతుంటే, పరీక్షకి ఇచ్చేటప్పుడు విత్తనం పేరు ముందే చెప్పాలి. లేకపోతే అన్యాయంగా కల్తీ ముద్ర పడుతుంది. మన తిరుపతి పరిశోధనా కేంద్రం ఇచ్చిన ధరణి, నారాయణి లాంటి మామూలు రకాలకి ఆ ఇబ్బంది ఉండదు.

నూనెల_ల్యాబ్

చాలా సరైన మాట. అందుకే అన్ని అంకెలూ కలిపి చదవాలి.

చంద్రగిరి_వకీలు

మేడమ్, మామూలు కొనుగోలుదారుకీ పరీక్ష చేయించుకునే హక్కు ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం సెక్షన్ 40 కింద, ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. ఒక షరతు ఉంది: కొనేటప్పుడే దుకాణదారుకి పరీక్షకి పంపిస్తానని చెప్పాలి. కల్తీ అని తేలితే కట్టిన ఫీజు తిరిగి వస్తుంది. మొదట లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉందో లేదో చూడండి. అది కూడా లేని క్యాన్ అయితే ఆలోచించాల్సిందే.

ఆరోగ్యం_ముఖ్యం

నేను చూసిన ఒక వీడియోలో శెనగనూనెలో అరాకిడోనిక్ ఆమ్లం ఉంటుంది, ఒంట్లో వాపులు, కీళ్లనొప్పులు తెస్తుంది, మానేయండి అని చెప్పారు. మా అమ్మ అది చూసి శెనగనూనె పూర్తిగా ఆపేసింది. ఇది నిజమా?

పోషకాహారం_డెస్క్

కాదండీ. మీరు చెప్పింది వేరే పదార్థం. అరాకిడిక్‌లో 20 కార్బన్లు, ద్విబంధం ఒక్కటీ లేదు. అరాకిడోనిక్‌లో కూడా 20 కార్బన్లే, కానీ నాలుగు ద్విబంధాలు ఉంటాయి. ఒంట్లో వాపుకి సంబంధించిన ప్రోస్టాగ్లాండిన్‌లు తయారయ్యేది ఆ రెండోదాన్నుంచి. అది మాంసం, గుడ్లు, చేపల్లో దొరుకుతుంది, శెనగనూనెలో దాదాపు ఉండదు. అమ్మగారికి ఆ భయం అవసరం లేదని చెప్పండి.

ఇక మొదట అడిగిన మేడమ్ ప్రశ్న. సంతృప్త కొవ్వులన్నీ ఒకేలా పనిచేయవు. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ పెంచుతాయని డాక్టర్లు జాగ్రత్త చెప్పేది ముఖ్యంగా 12, 14, 16 కార్బన్ల ఆమ్లాల గురించి. 20, 22, 24 కార్బన్లవి ఆహారంలోనే తక్కువ. బెహెనిక్‌ని పేగులు సరిగా పీల్చుకోవు. ఆ గుణాన్ని ఆధారం చేసుకుని తక్కువ కేలరీల కొవ్వు కూడా తయారుచేశారు. రక్తంలో ఈ పొడుగు గొలుసు ఆమ్లాలు ఎక్కువ ఉన్నవాళ్లలో గుండెజబ్బు, మధుమేహం తక్కువగా కనబడ్డాయని అమెరికాలో పెద్దవాళ్లమీద జరిగిన దీర్ఘకాల అధ్యయనాలు చెప్పాయి. అయితే అది పక్కపక్కనే కనబడిన సంబంధం మాత్రమే, ఒకదానివల్ల ఇంకోటి జరిగిందని రుజువు కాలేదు. ఒంట్లో కూడా ఈ ఆమ్లాలు కొంత తయారవుతాయి. కాబట్టి అరాకిడిక్ కోసం నూనె ఎక్కువ పోసుకోవడమూ వద్దు, దానికి భయపడి మానేయడమూ వద్దు.

బీపీ ఉన్న పెద్దవాళ్లకి నూనె రకం కన్నా ముందు చూడాల్సింది ఉప్పు. మన ఇళ్లలో ఊరగాయ, ఊరుబిండి, అప్పడాలు రోజూ ఉంటాయి కదా. నూనె మొత్తం తగ్గించండి, ఒకే నూనె కాకుండా మార్చి మార్చి వాడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా అదే.

ఆరోగ్యం_ముఖ్యం

చాలా పెద్ద భారం దిగింది మేడమ్. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేస్తున్నా.

పుంగనూరు_గానుగ

అందరికీ నమస్కారం. నేను గానుగ నడుపుతాను. కొందరు రిఫైన్డ్‌లో అరాకిడిక్ ఆమ్లం పోతుంది, గానుగ నూనెలోనే ఉంటుంది అని అడుగుతున్నారు. నేను చదివినంతవరకు రిఫైన్ చేసినా పోదు. ల్యాబ్ సార్ నిర్ధారించాలి.

నేను చెప్పాల్సింది ఇంకోటి. అందరూ కల్తీ గురించే అడుగుతారు, విత్తనం గురించి ఎవరూ అడగరు. ముడుచుకుపోయిన, బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. గానుగ నూనెని క్షారంతో శుద్ధి చేయరు కాబట్టి అది కొంత నూనెలోకి వస్తుంది. మా దగ్గర ఆడవాళ్లు కూర్చుని జల్లెడ మీద గింజలు ఏరి, రంగు మారినవి, పగిలినవి, పైపొర నల్లబడినవి పక్కన పెడతారు. తీసేసినవి చెక్కలోకి కూడా పోనివ్వం, పశువులకి అదే విషం. మీరు గానుగ దగ్గరికి వెళ్తే నూనె సీసా కన్నా ముందు విత్తనాల బస్తాలో చెయ్యి పెట్టి చూడండి. గింజ విరిస్తే టక్కున విరగాలి, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు.

నూనెల_ల్యాబ్

పోదు. రిఫైన్ చేసేటప్పుడు పోయేవి విడిగా ఉన్న ఆమ్లాలు, రంగు, వాసన, జిగురు. గ్లిజరాల్‌కి అతుక్కున్న అరాకిడిక్ అలాగే ఉంటుంది. బెలియర్ అంకె రెండింటికీ ఒకటే. మీ విత్తనాల మాట మాత్రం ఈ చర్చ మొత్తంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సినది.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్

నేను ఇక్కడ తిరుపతిలోనే చదువుతున్నాను. అరాకిడిక్ ఆమ్లం పేరు చూసి ఆగాను. మాకు అది పలుచటి పొరల పాఠంలో వస్తుంది! ద్రావకంలో కరిగించిన ఈ ఆమ్లం చుక్క నీటిమీద వేస్తే, తల భాగం నీళ్లలో, తోక భాగం గాలిలో పెట్టుకుని అణువులన్నీ నిలబడతాయి. పక్కనుంచి ఒక పట్టీతో మెల్లగా నొక్కితే దగ్గరగా చేరి ఒక్క అణువు మందం ఉన్న పొర అవుతుంది. అందులో గాజుపలకని నిటారుగా ముంచి తీస్తే ఆ పొర దానికి అంటుకుంటుంది. మళ్లీ ముంచితే ఇంకో పొర. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, కాథరిన్ బ్లాడ్జెట్ 1930లలో ఈ పద్ధతి తీర్చిదిద్దారు. లాంగ్‌మ్యూర్‌కి 1932లో నోబెల్ వచ్చింది. నీళ్లలో కాడ్మియం లవణం కలిపితే ఏర్పడే కాడ్మియం అరాకిడేట్ ఈ రంగంలో అందరూ మొదట వాడి చూసే పదార్థం. ఒక పొర మందం 3 నానోమీటర్ల లోపే. ఎన్నిసార్లు ముంచామో లెక్కపెట్టుకుంటే మందం తెలిసిపోతుంది. పొడుగు గొలుసు, వంపు లేకపోవడం, ల్యాబ్ సార్ చెప్పిన ఆ రెండు గుణాలే ఇక్కడా పనికొస్తాయి.

తిరుచానూరు_ఇల్లాలు

వంటనూనె గురించి అడిగితే ఎక్కడికో వెళ్లింది, కానీ చదువుతుంటే చాలా బాగుంది. ఇంకా దేనికి వాడతారు దీన్ని?

ఎక్స్‌రే_టెక్నీషియన్

హాస్పిటల్‌లో కూడా ఉందండీ. సీటీ, ఎమ్మారై తీశాక మీకిచ్చే నల్లటి ఫిల్ముల్లో డ్రై లేజర్ ఫిల్ము అని ఒక రకం ఉంటుంది. పాత ఫిల్ములకి చీకటిగదిలో మందునీళ్లు కావాలి, దీనికి అక్కర్లేదు, వేడితోనే బొమ్మ వస్తుంది. అందులో వెండిని పట్టి ఉంచేది ఇలాంటి పొడుగు కొవ్వు ఆమ్లాలే. ముఖ్యంగా సిల్వర్ బెహెనేట్, దానితోపాటు సిల్వర్ అరాకిడేట్, స్టియరేట్. సుమారు 120 డిగ్రీల వేడి తగలగానే లేజర్ పడినచోట వెండి విడిపోయి నల్లబడుతుంది. అందుకే ఆ ఫిల్ముని ఎండలో కారులో పెట్టి వదిలేయొద్దని పేషెంట్లకి చెబుతుంటాను. మన ఊరి ఎండలకి మొత్తం మసకబారిపోవచ్చు.

చిత్తూరు_సబ్బులు

క్రీముల డబ్బా వెనక అరాకిడిల్ ఆల్కహాల్ అని ఉంటుంది, చూడండి. అరాకిడిక్ ఆమ్లాన్ని హైడ్రోజన్‌తో మార్చి చేస్తారు. తాగే ఆల్కహాల్‌లా ఆవిరయ్యేది కాదు, మైనంలా ఉండే తెల్లటి పదార్థం. నీళ్లూ నూనే విడిపోకుండా క్రీమ్‌ని చిక్కగా పట్టి ఉంచుతుంది. పొడిచర్మం వాళ్లు ఆల్కహాల్ అన్న పేరు చూసి భయపడనక్కర్లేదు.

నేను ఇంట్లో సబ్బులు చేస్తాను. ల్యాబ్ సార్‌ని ఒకటి అడగాలి. గానుగ శెనగనూనె ఒక్కటే పోసి చేస్తే సబ్బు మెత్తగా వచ్చి, నురగ సరిగా రావట్లేదు. గట్టి కొవ్వు ఆమ్లాలు ఇందులో ఉన్నాయంటున్నారు కదా, మరి సబ్బు గట్టిగా ఎందుకు రాదు?

నూనెల_ల్యాబ్

ఉన్నవి చాలా తక్కువ కాబట్టి. శెనగనూనెలో పెద్ద వాటా ఒలేయిక్, లినోలెయిక్‌లదే. వాటి సబ్బు మెత్తగానే ఉంటుంది. అరాకిడిక్ సబ్బు గట్టిదే కానీ చల్లనీళ్లలో సరిగా కరగదు, కరగకపోతే నురగ ఎక్కడిది? నురగ రావాలంటే 12 కార్బన్ల లారిక్ కావాలి, అది కొబ్బరినూనెలో సగం దాకా ఉంటుంది. మూడో వంతు కొబ్బరినూనె కలిపి చూడండి, తేడా తెలుస్తుంది.

కాస్టిక్ సోడా లెక్క మాత్రం కొత్తగా వేసుకోవాలి. శెనగనూనె సబ్బుగా మారడానికి గ్రాముకి 188 నుంచి 196 మిల్లీగ్రాముల పొటాష్ పడుతుంది. సోడాలోకి మారిస్తే సుమారు 0.134 నుంచి 0.140 గ్రాములు. కొబ్బరినూనెకి అంతకంటే బాగా ఎక్కువ పడుతుంది, గ్రాముకి 0.18 గ్రాముల దాకా. రెండింటికీ విడివిడిగా లెక్కకట్టి కలపండి. మొత్తం సోడాలో 5 శాతం తగ్గించి వేస్తే చర్మానికి మంట ఉండదు. సోడాని నీళ్లలో వేయాలి, నీళ్లని సోడాలో పోయకూడదు. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా మొదలుపెట్టొద్దు.

చిత్తూరు_సబ్బులు

ధన్యవాదాలు సార్. అల్యూమినియం గిన్నెలో చేయొచ్చా?

నూనెల_ల్యాబ్

వద్దు. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. స్టీలు గానీ, వేడి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ గానీ వాడండి.